ఎవరి బరువు వారిది, ఒకరి భారము అందరిది

ధ్యాన వాక్యములు: గలతీయులకు 6:2, 5, లేవీయకాండము 14:35, ద్వితీయోపదేశకాండము 22:8



ఇంటిలో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాటలాడుకొనుచు, పరాయి నేలను సొంతనేల చేసికొని ప్రభువును సేవించుచున్న మీతో ఈ నెల కోవిడ్ జ్వరమును గూర్చి మాటలాడ గోరుచున్నాము. మరల అదేనా అని పుట త్రిప్పివేయవద్దని మనవి. ఆ వ్యాధిని గూర్చి చెప్పవలసినది డాక్టరులు చెప్పినారు. మేము ట్రైనింగు పొందిన బడిపంతులము, సంఘ పెద్దలము, అంతే. మేము చెప్పదలచినది వ్యాధిని గూర్చి కాదు. దానిని గూర్చిన ఆజ్ఞలన్నియు తీసివేయబడిన తరువాత మనము ఏమి చేసితిమి, మేము ఏమి చేసితిమి అనునదియే.

గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు ఒక చోట ఒకరి భారములను ఒకరు మోయవలెనని చెప్పి, మూడు వచనములు దాటగానే ఎవరి బరువు వారే మోసికొనవలెనని చెప్పుచున్నాడు. సండే స్కూలులో ఒక పిల్లవాడు, "ఇందులో ఏది నిజమండీ?" అని మమ్మును అడిగినాడు. మంచి ప్రశ్న. గ్రీకు మూలములో ఆ రెండు చోట్ల ఉన్నది ఒకే మాట కాదు. మొదటిది బారోస్, అనగా మనిషిని క్రుంగదీయు పెను భారము. రెండవది ఫోర్టియోన్, అనగా ప్రయాణములో ఎవరి భుజమున వారు వేసికొను మూట. మన తెలుగు బైబిలు తర్జుమా చేసిన పెద్దలును ఒక చోట భారము అనియు, రెండవ చోట బరువు అనియు వ్రాసి ఆ భేదమును నిలిపినారు. వరి బస్తాలు మోసిన వానికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. సద్దిమూట ఎవరిది వారు పట్టుకొనవలెను. బస్తా లేపవలెనంటే రెండవ చేయి కావలెను. సద్దిమూటను ఇంకొకని నెత్తిన పెట్టువాడును, ఒంటరిగా బస్తా ఎత్తలేనివానిని చూచి ఊరకుండువాడును, ఇద్దరును తప్పిపోయినవారే.

ఇప్పుడు సంగతికి వత్తుము.

మేము ఉండునది తుంగభద్ర ఎడమ కాలువ క్రింద, గంగావతి ప్రాంతములోని ఒక క్యాంపు. డ్యాము నీళ్లు వచ్చిన తరువాత గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు ఇక్కడికి వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకొన్నారు. వారి వెంట కూలికి వచ్చినవారిలో మన బాప్టిస్టులు అనేకులు. మా తండ్రిగారును అట్లు వచ్చినవారే. మందిరము మొదట బోదపాక. ఇప్పుడు రేకుల కప్పు.

2020 మార్చి 24 రాత్రి దేశమంతటికిని లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు మా క్యాంపులో మొదట పుట్టిన భయము వ్యాధిని గూర్చి కాదు, సరిహద్దును గూర్చి. ఒంగోలులో, బాపట్లలో, నరసరావుపేటలో మనకు తల్లులున్నారు, అక్కలున్నారు. వారిలో కొందరు పోయినారు. ఫోనులో సమాధి కార్యక్రమము చూచినవారు మీలోను ఉండియుందురు. ఆ గాయమును గూర్చి ఇక్కడ విస్తరించి వ్రాయము.

అయితే ఆ రెండేండ్లు మన మంచితనమునకు కొంత సహాయము ఉండెను. ఏది చేయవలెనో చెప్పువారు ఉండిరి. 2020 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు పరీక్ష అందరికి ఉచితముగా చేయవలెనని చెప్పి, అయిదు దినములకే దానిని సవరించి, ప్రైవేటు ల్యాబులలో ఆ ఉచితము బీదలకు మాత్రమే అని నిర్ణయించినది. అప్పుడు ప్రైవేటు పరీక్షకు 4,500 రూపాయల వరకు వసూలు చేయవచ్చునని ఉండెను. ప్రభుత్వ ఆసుపత్రిలో రూకలు లేకుండనే ముక్కులో పుల్ల పెట్టి చూచిరి. ఆశా కార్యకర్త ఇల్లిల్లు తిరిగి ఎవరికి జ్వరము అని అడిగి వ్రాసికొనెను. ఇంటి గోడకు కాగితము అంటించిరి. అది అవమానమని మనము గొణిగితిమి, కాని ఆ కాగితమును చూచి పక్కింటివారు జాగ్రత్తపడిరి. మనము నోరు తెరచి చెప్పవలసిన పని లేకుండెను. గోడయే చెప్పెను.

తరువాత ఒక్కొక్కటిగా అవి తొలగిపోయినవి. 2022 జనవరి 10న వైద్య పరిశోధనా మండలి, లక్షణములు లేనివారికి పరీక్ష అక్కరలేదనియు, రోగితో కలిసి మెలగినవారిలోను వృద్ధులకు, ఇతర జబ్బులున్నవారికి మాత్రమే చేయవలెననియు చెప్పినది. విపత్తు నిర్వహణ చట్టము క్రింద ఉన్న ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిసినవి. చిత్రమేమనగా, దాని మరునాడే, ఏప్రిల్ 1న, ఇంగ్లండు దేశములో సామాన్య జనులకు ఉచిత పరీక్షలు ఆగిపోయినవి. అక్కడ రోగి ఇంటిలోనే ఉండవలెనను చట్టము అంతకు ముందే, ఫిబ్రవరి 24న తీసివేయబడినది. ఆ ప్రభుత్వము దానికి కోవిడ్‌తో కలిసి జీవించుట అని పేరు పెట్టి, ఇక మీదట ఎవరి బాధ్యత వారిది అన్నది. ఆయినను జ్వరముతో ఉన్నవాడు ఇంట ఉండుట మంచిదను సలహాను మాత్రము మిగిల్చినది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసినదని చెప్పినది. అదే నోటితో వ్యాధి పోలేదనియు చెప్పినది. ఆ రెండవ మాట మన చెవికి ఎక్కలేదు. 2025 మే, జూన్ నెలలలో మన దేశములో కేసులు మరల పెరిగినప్పుడు, "ఇది ఇంకా ఉన్నదా?" అని అడిగినవారు మా సంఘములోను ఉన్నారు.

చట్టము తొలగించుట తప్పని మేము అనుట లేదు. ఎల్లకాలము ఊరిని కట్టివేసి ఉంచుట ఎవరి తరము కాదు. టీకాలు వేసినారు, జనులకు కొంత తట్టుకొను శక్తి వచ్చినది. కాని ఆజ్ఞ తీసివేసినంత మాత్రమున ఆ ఆజ్ఞ కాపాడుచుండిన మనిషి మన పక్కనుండి లేచి పోలేదు గదా. షుగరు ఉన్న తల్లి అక్కడనే కూర్చున్నది. డయాలిసిస్ చేయించుకొను తమ్ముడు అదే బల్లమీద కూర్చున్నాడు. గోడమీది కాగితము పోయినది గనుక ఇప్పుడు నోరు తెరవవలసినది మనమే.

మేము తెరవలేదు. ఆ సంగతి చెప్పకుండ ఈ ప్రసంగము చేయుటకు మాకు హక్కు లేదు.

2023 డిసెంబరు. ఒక క్రొత్త రకము వైరస్ వచ్చినదని వార్తలు. ఆ నెల 18న కర్ణాటక ఆరోగ్య మంత్రి, 60 ఏండ్లు దాటినవారును గుండె జబ్బు, కిడ్నీ జబ్బు వంటివి ఉన్నవారును మాస్కు ధరించవలెనని సలహా ఇచ్చినారు. మాకు 60 దాటి మూడేండ్లు. కోతలు ముగిసి, ధాన్యము అమ్ముడై, క్యాంపులో చేతులలో నాలుగు రూకలు ఆడుచున్న కాలము. ఆ ఏడు 24వ తేదీ ఆదివారమైనది, మరునాడే క్రిస్మస్. ఆ ఆదివారము వాక్యము చెప్పు వంతు మాది. నెల దినములనుండి సిద్ధపడియుంటిమి.

శుక్రవారము రాత్రి గొంతు గరగరలాడినది. శనివారము ఒళ్లు వెచ్చబడినది. మా అల్లుడు, "మామయ్యగారూ, మెడికల్ షాపులో కిట్టు తెస్తాను, పావుగంటలో తేలిపోతుంది" అన్నాడు. ఇంటిలో చేసికొను ఆ కిట్లకు 2021 మే నెలలో మొదటిసారి అనుమతి ఇచ్చినప్పుడు వెల 250 రూపాయలని పత్రికలలో చదివియుంటిమి. "గొంతు గరగరకు అంత ఖర్చెందుకయ్యా, మిరియాల కషాయము చాలు" అని వానిని కూర్చోబెట్టితిమి.

సహోదరులారా, రూకలు సాకు మాత్రమే. మాకు పెన్షను వచ్చుచున్నది. అదే వారము మనుమలకు దాని మూడింతలు పెట్టి బట్టలు కొంటిమి. నిజమేమనగా, ఆ కిట్టులో రెండు గీతలు కనబడునేమో అని భయము. కనబడినయెడల ఆదివారము బల్లవద్ద నిలువబడలేము. తెలియనంతకాలము వెళ్లవచ్చును. కాబట్టి తెలిసికొనకుండుటయే మేలనుకొంటిమి. పరీక్షకు భయపడి పలక ఇంటిలో మరచితిమని చెప్పు పిల్లలను ముప్పది అయిదేండ్లు చూచినాము. ఆ దినమున మేమును ఆ బెంచీలోనే కూర్చుంటిమి.

ఆదివారము వాక్యము చెప్పితిమి. బాగుగా చెప్పితిమని అందరును అన్నారు. ఆ సాయంకాలము క్యారల్స్ జట్టుతో కూడ ఇల్లిల్లు తిరిగి, ఒక విధవరాలి ఇంటిలో కూర్చుని చేతులు పట్టుకొని ప్రార్థన చేసితిమి. ఆమెకు డెబ్బది దాటినవి, షుగరు ఉన్నది. క్యాంపంతయు ఆమెను పెద్దమ్మ అని పిలిచెడివారు, మేమును అట్లే. మా తల్లిగారితో కలిసి నాట్లు వేసిన మనిషి. ఇల్లు చిన్నది, చలికి కిటికీ మూసియున్నది, గదిలో ఇరువది మందిమి.

గురువారమునకు ఆమెకు జ్వరము. శనివారము ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో పరీక్ష చేసి కోవిడ్ అన్నారు. తొమ్మిది దినములు ఆక్సిజన్ మీద ఉంచినారు. ప్రభువు కృపవలన ఇంటికి వచ్చెను గాని ఆ తరువాత మందిరమునకు నడచి రాలేదు. మరుసటి వర్షాకాలములో ప్రభువునందు నిద్రించెను.

మా వలననే ఆమెకు సోకినదా? ఆ గదిలో దగ్గినవారు మేమొకరమే కాదు. పడుచువాండ్రు హొసపేట, సింధనూరు తిరిగి వచ్చినవారు. మాకు వచ్చినది ఉత్త జలుబేమో. ఇవన్నియు మా మనస్సులో మేము చెప్పుకొన్న మాటలు. ఒక్కటి మాత్రము స్థిరము: మాకు అది ఎన్నటికిని తెలియదు. తెలియకుండునట్లు ఏర్పాటు చేసికొన్నది మేమే.

అప్పటినుండి లేవీయకాండము పదుమూడు, పదునాలుగు అధ్యాయములు మాకు వేరుగా వినిపించుచున్నవి. ఏడాదిలో బైబిలు పూర్తిచేయు పట్టిక వేసికొన్నవారు కూడ పరుగున దాటిపోవు అధ్యాయములవి. మచ్చలు, వెండ్రుకలు, ఏడు దినములు విడిగా ఉంచుట, మరల చూచుట. పదునాలుగవ అధ్యాయము 35వ వచనమును నిదానముగా చదువుడి. ఇంటి గోడకు పొడవంటిది కనబడినప్పుడు యాజకుడు తానై వెదకుచు రాడు. ఇంటి యజమానుడే లేచి వెళ్లి, నా ఇంటిలో అటువంటిది ఏదో ఉన్నట్లున్నదని చెప్పవలెను. ఉన్నది అని కాదు, ఉన్నట్లున్నది అని. నిశ్చయము చేయుట యాజకుని పని. అనుమానము చెప్పుట యజమానుని పని. మాకు శనివారము ఉండినది సరిగా అంత మాత్రమే, ఒక అనుమానము. ధర్మశాస్త్రము మా వద్ద అడిగినదియు అంతే.

ఆ తరువాతి వచనములోని దయను కూడ చూడుడి. యాజకుడు లోపలికి వచ్చి చూడక మునుపే ఇంటిలోని సామానంతయు బయట పెట్టించవలెను. ఏలయనగా అపవిత్రమని తీర్పు చెప్పిన తరువాత సామానుకూడ పోవును. చెప్పుకొన్నవాడు నష్టపోకూడదని దేవుడే ఏర్పాటు చేసినాడు. శుద్ధీకరణకు తేవలసిన అర్పణలలోను బీదవానికి 21వ వచనము మొదలుకొని వేరు లెక్క ఉన్నది. మూడు గొఱ్ఱెపిల్లలు తేలేనివాడు ఒక గొఱ్ఱెపిల్లను, రెండు పక్షులను తెచ్చిన చాలును. అందరికి నియమము ఒక్కటే గాని బీదవానికి ఖర్చు ఒక్కటి కాదు. ఈ మాటను గుర్తుంచుకొనుడి, మరల వత్తుము.

ద్వితీయోపదేశకాండములో క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ఉన్నది. ఎవడైనను పడినయెడల ఆ రక్తదోషము ఆ ఇంటిమీదికి వచ్చును. పడువాడు చూచుకొని నడువవలెను గదా అని మనము అనవచ్చును. దేవుడు ఆ మాట అనలేదు. మిద్దె ఎవరిదో గోడ వారు కట్టవలెను. జ్వరము ఎవరిదో జాగ్రత్తయు వారిదే. పొడుచునని ముందే తెలియజేయబడిన ఎద్దును గూర్చి నిర్గమకాండము 21వ అధ్యాయములో ఉన్నదానిని మీరే చదువుకొనుడి.

ఇక్కడ విశ్వాసులు ఒక మాట అందురు. ప్రభువు మందిరములో ప్రభువే కాపాడును, భయపడువాడు అల్పవిశ్వాసి అని. 2020 నుండి ఈ మాట ఎన్నో ప్రసంగములలో విన్నాము. 1527లో విట్టెన్‌బర్గు పట్టణములో తెగులు వచ్చినప్పుడు విశ్వవిద్యాలయము వేరొక ఊరికి తరలిపోయినను లూథరుగారు అక్కడనే నిలిచి రోగులకు పరిచర్య చేసినారు. ఆయన విశ్వాసమును శంకించువారు లేరు. ఆయనే బ్రెస్లావు సంఘపు బోధకులకు వ్రాసిన ఉత్తరములో, ఔషధమును తృణీకరించువాడు దేవుని నమ్ముట లేదు, శోధించుచున్నాడని వ్రాసినారు. పని లేని చోటికి వెళ్లి తన వలన ఇంకొకనికి చావు కలుగనియ్యననియు, పొరుగువానికి తన అవసరము ఉన్నయెడల వెనుదీయక వెళ్లుదుననియు ఆయన మాటల సారాంశము. మాకు ఇందులో పనికివచ్చినది మొదటి సగము. మనము దానిని తలక్రిందులు చేసితిమి. మన అవసరము లేని చోటికి ధైర్యముగా వెళ్లితిమి, జ్వరముతో పడియున్న ఇంటి గడప త్రొక్కుటకు భయపడితిమి. మందిరమునకు మేము అవసరమని ఆ ఆదివారము అనుకొంటిమి. వాక్యము చెప్పుటకు ఇంకొక ఇద్దరు ఉండిరి.

ఉచిత పరీక్షలు ఆపిన ఆ ఇంగ్లండులోనే డెర్బీషైరు కొండలలో ఈమ్ అను చిన్న గ్రామమున్నది. 1665లో లండను నుండి ఒక దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో ప్లేగు అక్కడికి వచ్చినదని చెప్పుకొందురు. 1666లో ఆ గ్రామస్థులు ఊరు విడిచి వెళ్లకూడదని తమకు తామే నిర్ణయించుకొన్నారు, తమ ప్రాణము కొరకు కాదు, చుట్టుపట్ల గ్రామముల కొరకు. ఊరి సరిహద్దున రాతికి గుంటలు చేసి, అందులో వినెగర్ పోసి, నాణెములు దానిలో ఉంచిరి. పొరుగు ఊరివారు రొట్టె అక్కడ పెట్టి రూకలు తీసికొని పోయిరి. ఆరాధన గుడిలో మాని, బయట లోయలో ఒకరికొకరు దూరముగా నిలిచి చేసిరి. అక్కడి గురువు మోంపెస్సన్, ఆయన భార్య క్యాథరిన్ ఆ ఆగస్టులో చనిపోయెను. ఊరిలో సుమారు 260 మంది పోయినారు.

ఇందులో మేము రెండు మాటలు గమనించినాము. మోంపెస్సన్‌కు ముందు అక్కడ ఉండిన ప్యూరిటన్ గురువు స్టాన్లీ, రాజశాసనమునకు ఒప్పుకొననందున పదవి పోగొట్టుకొన్నవాడు. ఇద్దరికిని సిద్ధాంతములు పడవు. అయినను ఈ పనికి ఇద్దరు కలిసి నిలిచినారు. (కప్పు ఒకటా, చిన్న గ్లాసులా అని మన సంఘములలో జరిగిన గొడవలు మీకు జ్ఞాపకమే గదా.) రెండవది అంత సుఖమైన మాట కాదు. మోంపెస్సన్‌గారు తన పిల్లలను ముందుగానే వేరే ఊరికి పంపివేసినారు. బీదవారికి పంపుకొను చోటు లేదు. ఎంత గొప్ప త్యాగములోను ఈ లెక్క వచ్చుచునే ఉన్నది, ఎవరికి ఎంత ఖర్చు అని.

అందుచేతనే పౌలు చెప్పిన రెండవ వచనము లేనిదే అయిదవ వచనము క్రూరమగును. ఎవరి బాధ్యత వారిది అని ప్రభుత్వమువారు చెప్పుట సులభము, పెన్షను వచ్చు మేము చెప్పుట ఇంకను సులభము. నాట్లకు పోవు మన సహోదరికి ఆ కిట్టు వెల ఒక పూట కూలికి తక్కువ కాదు. నాకు జ్వరము అని ఆమె నోరు తెరచి చెప్పినయెడల ముఠా మేస్త్రీ ఇంకొక మనిషిని పిలుచుకొని పోవును. మూడు దినములు ఇంట కూర్చున్నయెడల మూడు దినముల కూలి పోవును. నిజము చెప్పుమని ఆమెకు బోధించి, చెప్పినందుకు వచ్చు ఆకలిని ఆమెకే వదలివేసినయెడల మనము చేసినది బోధ కాదు. తన మూట ఆమె మోయవలెను, సందేహము లేదు. కాని ఆమె తలమీద ఉన్నది మూట కాదు, బస్తా.

2024 నుండి మా సంఘములో చేయుచున్నది చెప్పుదుము. గొప్పగా ఏమియు లేదు. జ్వరము, దగ్గు ఉన్నవారు ఆదివారము రానక్కరలేదు, పెద్దలలో ఒకరికి ఫోను చేసిన చాలును. వాక్యము చెప్పువారికి ఎప్పుడును రెండవ మనిషిని సిద్ధముగా ఉంచుచున్నాము. ఆ నియమము మా కొరకే పెట్టినాము. కిటికీలు చలికాలములోను తెరచియుంచుచున్నాము. ముసలివారు ముందు వరుసలో ఇరుకుగా కాక కిటికీ వైపున కూర్చుందురు. పరీక్ష కిట్లు మా ఊరి షాపులో అన్ని వేళల దొరకవు. దొరికినప్పుడు నాలుగు తెచ్చి సంఘపు బీరువాలో ఉంచి, షుగరు, గుండె జబ్బు, ఆయాసము ఉన్న ఇండ్లకు ముందుగా ఇచ్చుచున్నాము. అట్టివారికి రోగమేదో త్వరగా తెలిసినయెడల వైద్యమును త్వరగా జరుగును గదా. మిగిలినవారికి కిట్టు లేకపోయినను పరవాలేదు. జ్వరము కోవిడ్ కానిండు, ఫ్లూ కానిండు, దగ్గువాడు ముక్కును నోటిని కప్పుకొని నాలుగు దినములు జనులలోనికి రాకుండుటకు ఏ కిట్టును అక్కరలేదు.

కూలి పోయినవారి సంగతి కమిటీలో అంత సులభముగా తేలలేదు. మన స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడెల్ల పక్కన వేయు పిడికెడు బియ్యము ఆదివారము మందిరమునకు వచ్చుచున్నది గదా. అందులోనుండి జ్వరమని ఇంట ఆగిన కూలి ఇంటికి నాలుగు దినములకు సరిపడు బియ్యము పంపుదమని మేము అన్నాము. ఒక పెద్ద లేచి, అది కాపరిగారి పోషణ కొరకు మొదలైనది, దానిలో చేయి పెట్టకూడదన్నారు. ఆయన మాటలోను న్యాయమున్నది. మా కాపరిగారికి వచ్చునదియు అంతంత మాత్రమే. ఇంకొకరు, ఇట్లయిన అందరికి జ్వరమే వచ్చునన్నారు. మేము నవ్వితిమి. కడుపునొప్పి అని వ్రాసిన సెలవు చీటీలు బడిలో ఎన్ని చూచినాము! వానిలో సగము అబద్ధమే అయియుండును. అయినను నిజముగా నొప్పి ఉన్న పిల్లవానిని కూర్చోబెట్టినందుకు మేము బాధపడిన దినములు ఉన్నవి గాని, దొంగ చీటీకి సెలవిచ్చినందుకు ఎన్నడును బాధపడలేదు. కడపట కాపరిగారే, నెలలో ఒక ఆదివారపు బియ్యము దానికి వాడుడి అన్నారు. అట్లే జరుగుచున్నది. ఇది చాలదు. ఒక నెల నాలుగు ఇండ్లలో ఒకేసారి జ్వరములు వచ్చినప్పుడు బియ్యము ఎత్తి చూచిన తరువాత స్త్రీల సమాజమువారు తమ డబ్బానుండి కలిపినారు.

పెద్దమ్మ వద్దకు మేము వెళ్లిన సంగతి చెప్పి ముగింతుము. ఆసుపత్రినుండి వచ్చిన తరువాత రెండు నెలలు ఆమె ఇంటికి ప్రార్థనకు వెళ్లుచునే ఉంటిమి, చెప్పక తిరిగి వచ్చుచునే ఉంటిమి. మా భార్య ఒక దినమున, "చెప్పేదాకా మీరు ఆ ఇంట్లో ప్రార్థన చేయకండి" అన్నది. మార్చిలో వెళ్లి, ఆ శనివారమే మాకు ఒళ్లు వెచ్చబడినదనియు, తెలిసి తెలిసి వచ్చితిమనియు, మన్నించుమనియు చెప్పితిమి.

ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "జబ్బు మీరు తెచ్చారో, కుర్రాళ్లు తెచ్చారో ఆ దేవుడికే తెలియాల మాస్టారూ. అది కాదు నా బాధ. ఒక్క మాట చెబితే ఆ రోజు వాకిట్లో కుర్చీ ఏసేదాన్ని గదా. వాకిట్లో కూర్చుని చేస్తే ప్రార్థన ఆయనకి వినపడదా?" అన్నది. అని, కోడలిని పిలిచి కుర్చీ బయట వేయమన్నది. ఆ దినమున ప్రార్థన వేపచెట్టు క్రింద జరిగినది.

ఇప్పుడు మా మందిరపు వరండాలో కిటికీ ప్రక్కన రెండు కుర్చీలు ఉన్నవి. జలుబు తగ్గుముఖము పట్టినవారు, ఇంట ఉండలేక వచ్చినవారు మాస్కు పెట్టుకొని అక్కడ కూర్చుందురు. మొదట ఎవరును కూర్చుండలేదు, సిగ్గుపడిరి. పోయిన శీతకాలములో మాకే మరల గొంతు పట్టినప్పుడు మూడవ ఆదివారము అక్కడ కూర్చుంటిమి. ఆ వారము వాక్యము ఒక పడుచువాడు చెప్పినాడు. కొంచెము తొందరపడినాడు గాని బాగుగానే చెప్పినాడు. కిటికీలోనుండి అంతయు వినబడినది.